52,500 రూపాయల కేసు పట్టిన హన్మకొండ వకీలు మేడం

పోయిన నెల నాతో పనిచేసిన తమ్ముడొకతను ఫోన్ చేశాడు. స్టాక్ బ్రోకింగ్ కంపెనీలో డీలర్ (క్లయింట్ల తరఫున షేర్ల ఆర్డర్లు వేసే) ఉద్యోగం మానేసి మూడు నెలలైందట, తనకు రావాల్సిన సెటిల్‌మెంట్ డబ్బు ఆపేశారట. "అక్కా, నీ కేసు చూసిన వకీలు ఎవరు? ఫీజు ఎంత? నమ్మొచ్చా?" అని అడిగాడు. గంటసేపు మాట్లాడాను. ఫోన్ పెట్టేశాక, వరంగల్, కరీంనగర్ వైపు బ్రాంచీల్లో ఇలా ఇరుక్కున్నవాళ్లు ఇంకెందరున్నారో అనిపించి, ఇలాగే కంపెనీ ఆపేసిన నా గ్రాట్యుటీ (ఉద్యోగం మానేటప్పుడు సర్వీసు లెక్కన రావాల్సిన డబ్బు) కేసు చూసిన వకీలు మేడం గురించి ఇది రాస్తున్నాను.

మేడం పేరు, నంబర్ ఇక్కడ పెట్టడం లేదు. వకీళ్లు తమ గురించి ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం. రాస్తానని చెబితే, "నా పేరొద్దమ్మా, చదివినవాళ్లకు దారి తెలిస్తే చాలు" అన్నారు. అందుకని ఆమె పని ఎలా ఉంటుందో, ఎక్కడ బాగుందో, ఎక్కడ ఇబ్బంది పడ్డానో అదే రాస్తాను.

నేను బీకాం అయ్యాక ఎన్‌ఐఎస్‌ఎం పరీక్షలు (స్టాక్ మార్కెట్‌లో పనిచేసేవాళ్లు రాసేవి) రాసి 2016 జూన్ 1న హన్మకొండ బ్రాంచీలో డీలర్‌గా చేరాను. పొద్దున 9:15కు మార్కెట్ తెరిచేసరికి టెర్మినల్ ముందు ఉండాలి, 3:30 దాకా కుర్చీ వదలడానికి లేదు. క్లయింట్లు దాదాపు అందరూ మన చుట్టుపక్కల వాళ్లే. ఎనుమాముల మార్కెట్ అడ్తిదారులు, రిటైరైన టీచర్లు, నర్సంపేట, పరకాల డాక్టర్లు. మొదట్లో షేర్లు కొనిపించి దాచుకోమని చెప్పే పని. తర్వాత తర్వాత బ్రోకరేజీ టార్గెట్ పెరిగి అంతా ఆప్షన్ల (ధర ఎటు కదులుతుందో ఊహించి చేసే రిస్కు ట్రేడింగ్) మీదికి మళ్లింది. 2021-22 నుంచి మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) చేసిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబర్‌లో లెక్క తీసింది. ఆ లెక్క బయటికి రాకముందే లెడ్జర్లలో మేం రోజూ చూశాం.

2022 ఆగస్టులో ఒక రోజు పొద్దున 10:42కు మా బ్రాంచి మేనేజర్ నుంచి వాట్సాప్ వచ్చింది: "సేటు ఆర్డర్, ఎంటర్ చెయ్." కింద బ్యాంక్ నిఫ్టీ (బ్యాంకు షేర్ల సూచీ) ఆప్షన్ల వివరాలు. సేటు అంటే ఎనుమాములలో మిర్చి అడ్తి నడిపే మా పాత క్లయింట్. ఆర్డర్లు రికార్డింగ్ ఉన్న లైన్ మీదే తీసుకోవాలి. మేనేజర్ తన మొబైల్‌లో మాట్లాడానన్నాడు కాబట్టి నేను ఎంటర్ చేశాను. రికార్డింగ్ లైన్ మీద సేటుకు ఒక్క ఫోన్ చేసి అడగాల్సింది. అడగలేదు. అది నా తప్పు, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

రెండు రోజుల్లో మార్కెట్ తిరగబడింది. మార్జిన్, అంటే ట్రేడ్‌కు క్లయింట్ హామీగా ఉంచాల్సిన డబ్బు, సరిపోలేదు. అయినా ఇంకాస్త చూద్దామని మేనేజర్ రిస్క్ టీమ్‌ను ఆపించాడు. చివరికి స్క్వేర్ ఆఫ్ అయ్యేసరికి (ఆ ట్రేడ్ మూసేసేసరికి) సేటు షేర్లు కొన్ని కంపెనీ అమ్ముకున్నా ఆయన ఖాతాలో ఇంకా 1,86,000 డెబిట్, అంటే బాకీ, మిగిలింది. సేటు వచ్చి, "నేనసలు ఆర్డరే చెప్పలే" అన్నాడు. రికార్డింగ్ లేదు. టెర్మినల్ ఐడీ నాది. ఆ డెబిట్ నేను కట్టాలని హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చింది.

ఆ రాత్రి టెన్షన్‌లో, ఎవరినీ అడగకుండా, "నా వైపు నుంచి సర్దుబాటు చేయడానికి ప్రయత్నిస్తాను" అని జవాబు పంపేశాను. ఈ ఒక్క వాక్యం రెండేళ్లు నా వెంట పడింది. తర్వాత రోజూ ఫోన్లు, రోజూ మీటింగులు. తట్టుకోలేక రాజీనామా ఇచ్చాను. 2023 జనవరి 31 నా ఆఖరి రోజు. ఆఖరి నెల జీతం, మిగిలిన సెలవుల డబ్బు, గ్రాట్యుటీ, రిలీవింగ్ లెటర్, నాలుగూ ఆపేశారు.

పోనీలే, ఇంకో ఉద్యోగం చూసుకుందాం అనుకున్నాను. వదిలిపెట్టనిది మా నాన్న. ఆయన ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైరయ్యారు. "అది నీ కొలువు పైసలు బిడ్డా. నాకు ఆర్టీసీ ఇయ్యలేదా? నీకెందుకియ్యరు?" అన్నారు. ఇంట్లో చట్టం తెలిసినవాళ్లు ఎవరూ లేరు, నాన్నకు మాత్రం గ్రాట్యుటీ అంటే ఏమిటో తెలుసు.

మొదట వెళ్లింది ఈ మేడం దగ్గరికి కాదు. తెలిసినవాళ్లు పంపిన ఇంకో వకీలు దగ్గరికి. ఆయన అంతా విని ఐదు నిమిషాల్లో, పది లక్షల నష్టపరిహారం వేద్దాం, మేనేజర్ మీద క్రిమినల్ కేసు పెడదాం, కంపెనీని సెబీకి లాగుదాం అన్నారు. ముందు 10,000, తర్వాత వచ్చినదాంట్లో 25 శాతం. అంత ధీమాగా చెబుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. డబ్బు కట్టాను. గ్రాట్యుటీ దరఖాస్తును ఇక్కడి రాష్ట్ర లేబర్ ఆఫీసులో వేశారు. నెలలు గడిచాయి. ఆగస్టులో అది తిరిగొచ్చింది. వాళ్లు చెప్పిన కారణం సరైనదే. ఒకటికి మించి రాష్ట్రాల్లో బ్రాంచీలున్న కంపెనీ అయితే గ్రాట్యుటీ కేసు కేంద్ర లేబర్ కమిషనర్ వ్యవస్థ కిందికి వెళ్తుంది, రాష్ట్ర శాఖ కిందికి రాదు. చట్టం మొదటి పేజీల్లోనే ఉండే ఆ ఒక్క మాట చూడకపోవడం వల్ల నాకు ఐదు నెలలు పోయాయి.

2023 సెప్టెంబర్‌లో నాన్న యూనియన్ మిత్రుడు ఒకాయన ఈ మేడం దగ్గరికి తీసుకెళ్లారు. అదాలత్ సెంటర్‌కు నడిచి వెళ్లేంత దూరంలో రెండో అంతస్తు. లిఫ్ట్ లేదు. బయట నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, లోపల గోడకు ఆనుకుని ఫైళ్లు, ఒక జూనియర్, ఒక గుమస్తా. సింగరేణి కార్మికుల కాగితాలు పట్టుకుని మంచిర్యాల నుంచి వచ్చిన ముసలాయన నా పక్కనే కూర్చున్నాడు. గంటన్నర వెయిట్ చేశాం.

లోపలికి పిలిచాక నా కథ మొదలుపెట్టబోతే చెయ్యి ఎత్తి ఆపారు. "కథ తర్వాత చెప్దువు గానీ, ముందు కాగితాలు ఇవ్వమ్మా." ఆఫర్ లెటర్, జీతం స్లిప్పులు, రాజీనామా మెయిల్, దాన్ని ఒప్పుకున్నట్టు కంపెనీ ఇచ్చిన జవాబు, బ్యాంక్ స్టేట్‌మెంట్, పీఎఫ్ పాస్‌బుక్. ఒక్కొక్కటే చూస్తూ తారీఖులు తెల్లకాగితం మీద వేసుకున్నారు. ఇరవై నిమిషాలు నన్నేమీ అడగలేదు. నాకు కొంచెం కోపం కూడా వచ్చింది. ఇంత బాధ పడి వస్తే ఈవిడ లెక్కలు వేసుకుంటున్నారేంటి అనుకున్నాను. తర్వాత అర్థమైంది, నా కేసంతా ఆ తారీఖుల్లోనే ఉంది.

ఆ తర్వాత చెప్పినవి ఎక్కువగా "కాదు" అనే మాటలే. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం అవే.

లేబర్ కోర్టుకు వెళ్దామా అన్నాను. వద్దన్నారు. పారిశ్రామిక వివాదాల చట్టంలో "కార్మికుడు" అనే నిర్వచనంలోకి నువ్వు రావని కంపెనీ మొదటి రోజే వాదిస్తుంది, అమ్మకాల పని చేసేవాళ్ల విషయంలో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన పాత గొడవ అది, అది తేలేసరికే ఏళ్లు పడుతుంది అన్నారు. గ్రాట్యుటీ చట్టంలో ఆ పేచీ లేదు. హోదా ఏదైనా ఉద్యోగి ఉద్యోగే.

సెబీకి ఫిర్యాదు పెడదామా అన్నాను. సెబీ స్కోర్స్ పోర్టల్ ఇన్వెస్టర్ల ఫిర్యాదులకు, ఉద్యోగి జీతం గొడవ వాళ్లు చూడరు అన్నారు. 2023లో వచ్చిన స్మార్ట్ ఓడీఆర్ అనే ఆన్‌లైన్ వివాద పరిష్కార వేదిక కూడా ఇన్వెస్టర్‌కూ బ్రోకర్‌కూ మధ్య వివాదాల కోసమే. మా పెద్దమ్మ కొడుకు న్యూజెర్సీలో ఉంటాడు. అక్కడ బ్రోకింగ్ కంపెనీకీ దాని ఉద్యోగికీ గొడవ వస్తే ఫిన్రా అనే సంస్థ దగ్గర మధ్యవర్తిత్వం ఉంటుందని చెప్పాడు. అది చూసి ఇక్కడా సెబీయే తేలుస్తుందనుకున్నాను. ఇక్కడ మనం మామూలు ఉద్యోగుల దారిలోనే వెళ్లాలి. ఈ సంగతి తెలియక నా పాత సహోద్యోగులు ఇద్దరు స్కోర్స్‌లో పెట్టి నెలలు పోగొట్టుకున్నారు.

ఆఖరి నెల జీతం కోసం జీతాల చెల్లింపు చట్టం కింద వేద్దామంటే దానికీ తల అడ్డంగా ఊపారు. అప్పట్లో నెల వేతనం 24,000 దాటితే ఆ చట్టం వర్తించేది కాదు. నాది 26,500. ఆ రెండున్నర వేలతో నేను దాని బయట పడ్డాను.

మానసిక వేదనకు పది లక్షలు? "ఆ బాధ నిజమే తల్లీ. రుజువు చేసి డబ్బుగా తెచ్చేంత బలం ఈ కాగితాల్లో లేదు. వస్తుందని నీకు చెప్తే అబద్ధం చెప్పినట్టే." నాకు ఏడుపొచ్చింది. ఆమె మాట మార్చలేదు, గుమస్తాను పిలిచి నీళ్లు తెప్పించారు.

అన్నీ తీసేశాక కాగితం వెనక ఇలా వేసి చూపించారు. నా ఆఖరి బేసిక్ 13,000. దాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే 7,500. సర్వీసు 6 ఏళ్ల 8 నెలలు. ఆరు నెలలు దాటితే నిండు ఏడాది కింద లెక్క, కాబట్టి 7 ఏళ్లు. మొత్తం 52,500. ఉద్యోగం మానిన 30 రోజుల్లో ఇవ్వాలి, ఆలస్యమైతే ఏడాదికి 10 శాతం సాధారణ వడ్డీ. "మనం దీని మీదే నిలబడాలి. ఇది వాళ్లు ఆపలేరు."

ఎందుకు ఆపలేరో కూడా చెప్పారు. 1972 గ్రాట్యుటీ చట్టం సెక్షన్ 4(6) ప్రకారం ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగితే ఆ మేరకు గ్రాట్యుటీ కోయవచ్చు. అయితే ఆ కారణంతో ఉద్యోగం నుంచి తీసేసి ఉండాలి. నన్ను ఎవరూ తీసేయలేదు. విచారణ జరగలేదు, ఆర్డర్ లేదు, నేను రాజీనామా ఇస్తే వాళ్లు మెయిల్‌లో ఒప్పుకున్నారు. "తప్పు నీదా మేనేజర్‌దా అనేది ఇక్కడ మనం తేల్చక్కర్లేదు. ఆ చర్చలోకి వాళ్లు లాగుతారు, మనం పోవద్దు."

ఫీజు విషయం ఆమే ఎత్తారు. మొదటి వకీలు అడిగిన 25 శాతం గురించి చెబితే, గెలిస్తే ఇంత వాటా అని వకీలు మాట్లాడుకోవడమే బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధమన్నారు. మొదటి రోజు 500, లీగల్ నోటీసుకు 2,000, కేసుకు 7,000 రెండు విడతలుగా. హైదరాబాద్ రైలు ఖర్చు వేరే. 52,500 కోసం 9,500 పెట్టడం నీకు గిట్టుబాటో కాదో ఇంటికెళ్లి ఆలోచించుకుని రా అన్నారు. కనీసం నాలుగు వాయిదాలు, ఏడాది పట్టొచ్చని కూడా చెప్పారు. సంతకం అక్కడికక్కడ పెట్టించుకోలేదు. రెండు రోజులు ఆలోచించి నేనే వెళ్లి వకాలత్ మీద సంతకం చేశాను.

ఇక సేటు సంగతి. నేను చేసిన తెలివితక్కువ ఆలోచన ఏమిటంటే, సేటునూ నన్నూ ఇద్దరినీ కంపెనీయే ముంచింది కదా, ఇద్దరం ఒకే వకీలును పెట్టుకుంటే ఖర్చు తగ్గుతుంది, బలం పెరుగుతుంది అని. సేటు కూడా సరేనన్నాడు. ఒక సాయంత్రం ఇద్దరం కలిసి వెళ్లాం. మేడం ఆయన్ని గౌరవంగా కూర్చోబెట్టి, నన్ను బయటికి పంపకుండా ఇద్దరి ముందే చెప్పారు. "సేటూ, మీ కేసు ఏంటంటే ఆర్డర్ మీరు ఇవ్వలేదని. అది గెలిస్తే, మరి ఎవరు వేశారు అన్న ప్రశ్న ఈ అమ్మాయి మీదికి వస్తది. మీ ఇద్దరి తరఫునా నేను నిలబడలేను. ఈమె ముందొచ్చింది కాబట్టి ఈమె కేసు చూస్తున్న. మీది నేను తీసుకోను."

నాకు ఆ క్షణం దాకా అది తట్టనే లేదు. సేటు నా వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను. ఆ కేసూ దాని ఫీజూ వదులుకున్నా, మేడం ఆయనకు ఒక దారి మాత్రం చెప్పి పంపారు. స్కోర్స్‌లో ఫిర్యాదు మీరే పెట్టుకోవచ్చు, వకీలు అవసరం లేదు, డబ్బు కట్టక్కర్లేదు. అక్కడ తేలకపోతే స్మార్ట్ ఓడీఆర్, మొదట రాజీ ప్రయత్నం, తర్వాత ఆన్‌లైన్‌లోనే మధ్యవర్తి విచారణ. క్లయింట్ ఆర్డర్ ఇచ్చాడనడానికి ఫోన్ రికార్డింగో, మెయిలో, మెసేజో, సంతకమో బ్రోకర్ దగ్గర ఉండాలని, వివాదం వస్తే రుజువు చేసే భారం బ్రోకర్‌దేనని సెబీ 2018 మార్చి సర్క్యులర్‌లో ఉందని చెప్పి, ఆ సర్క్యులర్ ప్రింటు తీయించి ఆయన చేతిలో పెట్టారు. దానికి ఒక్క రూపాయి తీసుకోలేదు. సేటు కొడుకు ఇంట్లో కూర్చునే ఫిర్యాదు పెట్టాడు.

ఆయన్ని పంపాక నన్ను అడిగారు, మేనేజర్ వాట్సాప్ ఇంకా ఉందా అని. ఉంది, కానీ ఫోన్ స్క్రీన్ పగిలింది, దసరా ఆఫర్‌లో ఎక్స్‌ఛేంజ్ ఇద్దామనుకుంటున్నా అన్నాను. ఆమె కుర్చీలోంచి లేచారు. "ఆ ఫోన్ ఎవరికీ ఇవ్వొద్దు. చాట్ తుడవొద్దు. యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేయొద్దు. స్క్రీన్ బాగు చేయించినా మెమరీ ముట్టుకోనివ్వొద్దు." జూనియర్‌తో చాట్ ప్రింటు తీయించి, సాక్ష్యాల చట్టం సెక్షన్ 65బి కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే సర్టిఫికెట్ రాయించి, నాతో సంతకం పెట్టించి ఫైల్లో పెట్టారు. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది, అందులో అది సెక్షన్ 63. నంబరు, సర్టిఫికెట్ నమూనా మారినా పని అదే. డీలర్లుగా చేసేవాళ్లు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. నోటి మాట మీద వచ్చిన ఆర్డర్‌ను మేనేజర్ చేత మెసేజ్‌లో పెట్టించుకోండి, ఆ మెసేజ్‌ను దాచుకోండి.

నోటీసు దగ్గర మేడం ఆఫీసు వైపు ఒక పొరపాటు జరిగింది. జూనియర్ కంపెనీ పాత రిజిస్టర్డ్ ఆఫీస్ చిరునామా వేశాడు. పదిహేను రోజుల తర్వాత కవరు వెనక్కి వచ్చింది. మళ్లీ పంపాల్సి వచ్చింది. మేడం అది తమ తప్పేనని ఒప్పుకుని రెండోసారి పోస్టు ఖర్చు తామే పెట్టుకున్నారు. కానీ అప్పటికే ఒక వకీలు చేతిలో ఐదు నెలలు పోగొట్టుకున్న నాకు ఆ కవరు చూసిన రోజు గుండె జారింది. చిరునామా ఒకసారి కంపెనీ వెబ్‌సైట్‌లో చూసుకుని ఉంటే సరిపోయేది.

సరైన చిరునామాకు నోటీసు చేరిన మూడు వారాల్లో రిలీవింగ్ లెటర్ వచ్చింది, ఆఖరి నెల జీతం కూడా పడింది. సెలవుల డబ్బు గురించి, గ్రాట్యుటీ గురించి ఒక్క మాట లేదు. అప్పుడు ఫారం ఎన్‌లో దరఖాస్తు హైదరాబాద్‌లోని కేంద్ర అసిస్టెంట్ లేబర్ కమిషనర్ దగ్గర వేశారు. 90 రోజుల గడువు దాటిపోయింది కాబట్టి, ముందు వేరే ఆఫీసులో వేసి తిరిగొచ్చిన కాగితాలు జతచేసి ఆలస్యాన్ని మన్నించమని ఇంకో దరఖాస్తు. అది ఒప్పుకున్నారు.

వాయిదాలకు కాజీపేటలో పొద్దున్నే రైలెక్కి వెళ్లేవాళ్లం. మొదటి రెండుసార్లు కంపెనీ తరఫు వకీలు టైం అడిగాడు. రెండోసారి వెనక్కి వస్తూ జనగామ దాటాక మేడాన్ని అడిగాను, మీకు ఇది గిట్టుబాటవుతుందా అని. మా అమ్మ బీడీలు చేసేది, ఆమె పీఎఫ్ కోసం పదకొండేళ్లు తిరిగింది, అందుకే ఈ కేసులు వదలలేను అన్నారు. ఇంకేమీ చెప్పలేదు, ఫైలు చదువుకుంటూ కూర్చున్నారు.

మూడో వాయిదాకు కంపెనీ వకీలు రెండు కాగితాలతో వచ్చాడు. ఒకటి నేను టెన్షన్‌లో పంపిన మెయిల్. రెండోది సేటు కేసులో మధ్యవర్తి ఇచ్చిన తీర్పు. ఆర్డర్‌కు రుజువు లేదని సేటుకు అనుకూలంగా వచ్చింది. క్లయింట్ ఆర్డర్ ఇవ్వలేదని తేలింది కాబట్టి డీలరే సొంతంగా ట్రేడ్ చేసింది, అప్పు కడతానని తనే రాసిచ్చింది అని వాదన. మేడం ఆరు నెలల కింద సేటు ముందే చెప్పింది అక్షరాలా అదే జరిగింది. నా కాళ్లు వణికాయి.

ఆమె జవాబు రెండు నిమిషాలు కూడా లేదు. ఈమెను తొలగించిన ఆర్డర్ చూపించండి. విచారణ చేసిన కాగితం చూపించండి. రెండూ లేకపోతే సెక్షన్ 4(6) ఇక్కడికి రాదు, మెయిల్ ఏం చెప్పినా గ్రాట్యుటీని ఎవరి అప్పుకూ జమ కట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు. వాట్సాప్ ప్రింటు కూడా దాఖలు చేశారు, కానీ దాని మీద వాదన పెట్టుకోలేదు. నాకేమో మేనేజర్ చేసిందంతా అక్కడ గట్టిగా చెప్పాలని ఉంది. ఆమె నా చెయ్యి మీద చెయ్యి వేసి ఆపారు.

2024 జూలైలో ఆర్డర్ వచ్చింది. 52,500, దాని మీద 10 శాతం వడ్డీ. కంపెనీ అప్పీలుకు వెళ్లాలంటే గ్రాట్యుటీ మొత్తాన్ని ముందు డిపాజిట్ చేయాలి, అందుకే వెళ్లకపోవచ్చని మేడం అన్నారు. వెళ్లలేదు. సెప్టెంబర్ మొదటి వారంలో నా ఖాతాలో 60,375 పడింది. 18 నెలల వడ్డీ 7,875. నాన్న బ్యాంక్ మెసేజ్ రెండుసార్లు చదివి, అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. సెలవుల డబ్బు రాలేదు. దానికి వేరే కేసు వేస్తే వచ్చేదానికన్నా ఖర్చే ఎక్కువని మేడమే వద్దన్నారు, అదొక్కటి నాకు ఇంకా వెలితే.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ఫోన్ చేస్తే పొద్దున కోర్టు టైంలో ఎత్తరు, వాట్సాప్‌కు రెండు రోజుల దాకా జవాబుండదు. వాయిదా ఏమైందో తెలియక నేను రాత్రులు నిద్రపోని సందర్భాలున్నాయి. గుమస్తాను అడిగితే మాత్రం ఓపిగ్గా చెబుతాడు. డ్రాఫ్టులన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, సంతకం పెట్టేముందు తెలుగులో వివరించమని మనమే అడగాలి. అడిగితే కూర్చోబెట్టి చెబుతారు. మొదటి 500కు రశీదు ఇవ్వలేదు, అడిగాక మిగతా అన్నిటికీ ఇచ్చారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు రెండో అంతస్తు కష్టం. ముందే చెబితే కింద జిరాక్స్ షాపులో కూర్చుని కాగితాలు చూస్తారు, మా నాన్న కోసం ఒకసారి అలాగే దిగొచ్చారు. ఇన్వెస్టర్ల తరఫున పెద్ద మధ్యవర్తిత్వ కేసులు, ముంబయిలోని సెక్యూరిటీస్ అప్పిలేట్ ట్రిబ్యునల్ దాకా వెళ్లేవి ఆమె చూడరు. అది తన పని కాదని మొదటే చెప్పేస్తారు.

మొదటి వకీలుకు కట్టిన 10,000 వెనక్కి రాలేదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామనుకున్నాను. వకీలు సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని సుప్రీంకోర్టు 2024 మే 14న తీర్పిచ్చింది. బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు, నేను చేయలేదు. అందుకే కాగితం అప్పగించకముందే అడగండి: ఏ ఆఫీసులో వేస్తారు, ఏ చట్టం కింద, ఎందుకు అక్కడే? నేను మొదటిసారి ఆ మూడు అడగలేదు.

ఇంకొకటి. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చాయి. గ్రాట్యుటీ ఇప్పుడు సామాజిక భద్రత కోడ్ కిందికి వెళ్లింది, జీతంలో సగానికి మించి అలవెన్సులుగా చూపిస్తే ఆ మించినది వేతనంలోకే లెక్కకొస్తుంది. నా కేసు పాత చట్టం కింద నడిచింది కాబట్టి నేను చెప్పిన సెక్షన్ నంబర్లు పట్టుకుని వెళ్లకండి. మీ తారీఖులు, స్లిప్పులు పట్టుకుని వెళ్లండి.

ఐదుకు నాలుగున్నర ఇస్తాను. అర తగ్గించింది ఆ తప్పు చిరునామాకు, ఫోన్ ఎత్తనందుకు. కొత్తవాళ్లను సాయంత్రం ఆరు తర్వాత చూస్తారు, ఆదివారం ఉండరు. ఒరిజినల్ కాగితాలు తీసుకోరు, జిరాక్స్‌లే తీసుకెళ్లండి. ఫోన్ చేసిన తమ్ముడు పోయిన గురువారం వెళ్లొచ్చాడు. తన కథ చెప్పబోతే చెయ్యి ఎత్తి, ముందు ఆఫర్ లెటర్ అడిగారట.